తొలి కాన్పు: ప్రసవ గదిలో మీ పక్కన ఎవరుంటారు? ముందే తేల్చుకోవాల్సిన విషయాలివి

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలనే ఆనవాయితీ మాత్రం పెద్దగా మారలేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి కూడా సీమంతం అయ్యాక బట్టలతో పాటు ల్యాప్‌టాప్ సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేస్తుంది. ఆ పుట్టిల్లు నూజివీడు వైపు, ఏ ఆగిరిపల్లిలోనో ముసునూరులోనో చాట్రాయిలోనో ఉండి, డాక్టర్ చెప్పిన తేదీ ఏప్రిల్, మే నెలల్లో పడిందనుకోండి, ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. అది మామిడి సీజన్. నాన్న తోటలో ఉంటారు, అన్నయ్య లోడుతో నున్న మార్కెట్‌కు వెళ్లి ఉంటాడు, అమ్మ కోత కూలీల లెక్కలు చూస్తుంటుంది. మీ ఆయన ఇంకా హైదరాబాద్‌లోనే ఉంటారు.

ఏ ఆసుపత్రి, ఏ డాక్టర్, బ్యాగులో ఏం సర్దాలి... ఇవన్నీ అడగకపోయినా నలుగురూ చెబుతారు. నొప్పులు వచ్చిన ఆ పది పన్నెండు గంటలూ మీ పక్కన కూర్చునేది ఎవరు అన్నది మాత్రం చాలా ఇళ్లలో ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చాకే గుర్తొస్తుంది. అప్పటికి నర్సు "అటెండర్లు బయటే ఉండండి" అనేసి ఉంటుంది.

నిజానికి బయట ఉండనక్కర్లేదు.

నిబంధన ఏం చెబుతోంది?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో గర్భిణి పక్కన తోడుగా ఒకరిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. తోడుగా వచ్చే మనిషికి కొన్ని షరతులు పెట్టింది. కుటుంబానికి చెందిన స్త్రీ అయి ఉండాలి, ఆమెకు కాన్పు అనుభవం ఉండాలి. అంటువ్యాధులేవీ ఉండకూడదు. శుభ్రమైన బట్టలు వేసుకోవాలి. ప్రసవం అయ్యేదాకా ఉండాలి తప్ప మధ్యలో వచ్చిపోతూ ఉండకూడదు. సిబ్బంది పనికి అడ్డుపడకూడదు, గదిలో ఉన్న మిగతా గర్భిణుల దగ్గరికి వెళ్లకూడదు.

మరి భర్త? గదిలో ఒక్కొక్కరికి చాటు ఉండే ఏర్పాటు, అంటే విడి గదులో తెరలో ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చు. నాలుగు బల్లలు పక్కపక్కనే ఉన్న గదిలోకి మగవాళ్లను రానివ్వరు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. పక్క బల్ల మీద ఉన్నది కూడా ఒక అమ్మాయే కదా.

ఆ తర్వాత 2017 డిసెంబరులో కేంద్రం 'లక్ష్య' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రసవ గదుల నాణ్యతను కొలిచి, ప్రమాణాలు అందుకున్న ఆసుపత్రులకు ధ్రువీకరణ ఇచ్చే పథకం ఇది. గర్భిణితో మర్యాదగా మాట్లాడటం, చాటు కల్పించడం, తోడుకు అనుమతి ఇవ్వడం అందులో భాగమే. మీరు వెళ్లే ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద ఆ పేరు కనిపిస్తే, తోడు గురించి అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

2016 నిర్ణయం ప్రభుత్వ ఆసుపత్రుల కోసం చేసింది. ప్రైవేటులో ఎవరి పద్ధతి వారిది. అందుకే అక్కడైతే ఏడో నెల చెకప్ నాడే డాక్టర్ ముందు ఈ మాట ఎత్తి, ఒప్పుకుంటే ఆ విషయం మీ ఫైలు మీద రాయించుకోండి. కాన్పు రాత్రి డ్యూటీలో ఉండేది ఆ డాక్టరే అన్న గ్యారంటీ లేదు.

ఒక మనిషి పక్కనుంటే ఏం ఒరుగుతుంది?

చాలానే. గర్భసంచిని ముడుచుకునేలా చేసి బిడ్డను కిందికి నెట్టేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. భయపడినప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. అది ఎక్కువైతే నొప్పుల జోరు తగ్గుతుంది, ప్రసవం సాగదీసినట్టవుతుంది. కండరాలు బిగుసుకుంటాయి కాబట్టి నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, దాంతో భయం పెరుగుతుంది. తొలి కాన్పులో ఈ వలయంలో చిక్కుకోవడం తేలిక. ఎందుకంటే ఏది మామూలో, ఏది ప్రమాదమో మీకు తెలియదు. ప్రతి నొప్పికీ ఏదో అయిపోతోందనిపిస్తుంది.

దీన్ని గట్టిగా పట్టి చూపించిన తొలి అధ్యయనాల్లో ఒకటి మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో జరిగింది. 1980లో ప్రచురితమైంది. తొలి కాన్పుకు వచ్చిన ఆరోగ్యవంతులైన గర్భిణుల్లో కొందరి పక్కన ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె నర్సు కాదు, చుట్టం కూడా కాదు, అంతకుముందు ముఖపరిచయం లేదు. చేయి పట్టుకోవడం, వీపు రాయడం, మాట్లాడటం ఆమె పని. ఒంటరిగా ఉన్నవాళ్లకు కాన్పు సగటున 19.3 గంటలు పడితే, తోడున్నవాళ్లకు 8.8 గంటలు పట్టింది. అది చిన్న అధ్యయనం, అంత తేడా ప్రతిచోటా వస్తుందని ఆశపెట్టుకోకండి. 2017లో కాక్రేన్ సంస్థ 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసింది. వాటిలో 15 వేల మందికి పైగా స్త్రీలున్నారు. ప్రసవం పొడవునా తోడున్నవాళ్లలో సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పి మందుల వాడకం తక్కువ అని తేలింది. కాన్పు గురించి చేదు జ్ఞాపకం మిగలడం కూడా వాళ్లలో తక్కువే. తోడు వల్ల హాని జరిగిందన్న దాఖలా కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన ప్రసవ సంరక్షణ మార్గదర్శకాల్లోనూ, గర్భిణి కోరుకున్న మనిషి ఆమె పక్కన ఉండాలనే సిఫారసు ఉంది.

మిడ్‌వైఫ్ అంటే మంత్రసానా?

మన ఊళ్లలో ఒకప్పుడు పురుడు పోసింది మంత్రసానులే. రక్తస్రావం ఆగకపోయినా, బిడ్డ అడ్డం తిరిగినా ఆమె దగ్గర సాధనం లేదు. అలా పోయిన ప్రాణాలు ప్రతి పాత కుటుంబంలోనూ ఉంటాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెబుతోంది. ఇది చిన్న విజయం కాదు. కాకపోతే మంత్రసాని రాత్రంతా పక్కన కూర్చునేది. ఇల్లు వదిలి ఆసుపత్రికి వచ్చిన క్రమంలో ఆ కూర్చునే మనిషి ఎక్కడో జారిపోయింది.

మిడ్‌వైఫ్ ఆ రెంటినీ కలిపే వృత్తి. చదువుకున్న నర్సు, ప్రసవాల కోసమే విడిగా శిక్షణ తీసుకుని, చిక్కులు లేని కాన్పును మొదటి నుంచి చివరిదాకా తానే చూసుకుంటుంది. తేడా కనిపించగానే డాక్టర్‌ను పిలుస్తుంది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం రిజిస్టర్డ్ నర్సులు 18 నెలల శిక్షణ పొంది 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' అవుతారు. కాన్పులు ఎక్కువగా జరిగే పెద్ద ఆసుపత్రుల్లో వీళ్లు నడిపే విభాగాలు ఏర్పాటు చేయాలన్నది ఆలోచన.

ఈ దారిలో తెలుగు నేల ముందే అడుగేసింది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆధ్వర్యంలో 2011లోనే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఈ ఆసుపత్రి కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు శిక్షణ ప్రారంభించాయి. కేంద్రం మార్గదర్శకాలు ఆ తర్వాత వచ్చినవే.

అయితే మీరు వెళ్లే ఆసుపత్రిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉండకపోవచ్చు. చాలాచోట్ల ప్రసవ గదిని నడిపేది స్టాఫ్ నర్సులే. ఒకేసారి ముగ్గురు నలుగురు గర్భిణులను చూసుకునే నర్సు ఎంత మంచిదైనా మీ ఒక్కరి పక్కన కూర్చోలేదు. ఆ ఖాళీని పూడ్చేది మీరు తెచ్చుకునే మనిషే.

ఎవరిని ఎంచుకోవాలి?

అమ్మే అని వెంటనే అనకండి. కాస్త ఆలోచించండి. కొందరు అమ్మలు కూతురు మూలిగితే తామే ఏడ్చేస్తారు. "నిన్ను కనడానికి నేను రెండు రోజులు చచ్చి బతికానమ్మా" అని సరిగ్గా ఆ సమయంలోనే గుర్తుచేసే పెద్దమ్మలూ ఉంటారు. ఈ మధ్యనే కాన్పయిన అక్కో వదినో, గాభరాపడని పిన్నో, అత్తగారితో మీకు చనువుంటే అత్తగారో కావచ్చు. రాత్రి రెండింటికి కూడా విసుక్కోకుండా ఉండగలగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు నిజంగా అందుబాటులో ఉండాలి. మామిడి సీజన్‌లో ఇది ఉట్టి మాట కాదు, కాబట్టి ఇద్దరిని అనుకోండి. ఒకరు తోటలోనో పెళ్లిలోనో ఇరుక్కుంటే రెండోవారు బయల్దేరతారు.

ఆ మనిషిని ఒక్కసారైనా చెకప్‌కు వెంటబెట్టుకెళ్లండి. నర్సులకు ముఖం తెలిస్తే సగం పని అయినట్టే. తనేం చేయాలో కూడా ముందే చెప్పి ఉంచండి. నొప్పి వచ్చినప్పుడు నడుము కింది భాగాన్ని అరచేత్తో గట్టిగా అదమాలి. గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగించాలి. మే నెల ఎండల్లో దీన్ని అస్సలు మరవకూడదు. చిక్కులు లేని కాన్పులో ప్రసవం మధ్య నీళ్లు, తేలికపాటి ఆహారం తీసుకోవచ్చనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ విషయంలో వద్దని డాక్టర్ అంటే కారణం కనుక్కోండి. మిమ్మల్ని లేపి నడిపించాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, కళ్లలోకి చూస్తూ మీతో పాటు ఊపిరి తీయాలి. "ఇంకెంతసేపు?" అని మీరడిగితే అబద్ధం చెప్పకుండా "ఈ నొప్పి దాటేద్దాం" అనగలిగితే చాలు.

నొప్పులు మొదలయ్యాక

తొలి కాన్పులో మొదటి దశ నింపాదిగా సాగుతుంది. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఎంతసేపు పడుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. దానికి గడువు లేదు. ఆ తర్వాత అసలు నొప్పుల దశ తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు దాటదు. పూర్తిగా తెరుచుకున్నాక బిడ్డ బయటికి రావడానికి 3 గంటల దాకా పట్టొచ్చు. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఈ సంఖ్యలు తోడుగా వచ్చే మనిషికి కూడా తెలిసి ఉంటే, ఆరు గంటలకే బయట వరండాలో "ఇంకా కాలేదా?" అన్న గోల మొదలవదు.

ఈ గోలకు సిజేరియన్ లెక్కలతో సంబంధం ఉంది. అదే సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఒక సమాజంలో ఈ రేటు 10 శాతం దాటాక, అంతకంటే పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. అలాంటప్పుడు సహజ కాన్పు కోసం పట్టుబట్టడం మొండితనమే. కానీ ముహూర్తాల కోసం, ఆసుపత్రి సౌకర్యం కోసం, "ఈ పిల్ల నొప్పులు చూడలేకపోతున్నాం, కోసేయండి" అన్న కుటుంబం ఒత్తిడి కోసం జరిగేవీ ఉన్నాయి. డాక్టర్ ఆపరేషన్ అన్నప్పుడు "ఎందుకు? ఇంకాసేపు ఆగితే బిడ్డకు ప్రమాదమా?" అని అడగండి. నొప్పుల మధ్య మీరు అడగలేకపోతే మీ తోడు అడగాలి. నొప్పులు పెంచే మందు పెడుతున్నా, కింద కోత పెడుతున్నా కారణం తెలుసుకునే హక్కు మీది. అందరికీ అలవాటుగా కోత పెట్టడం, బిడ్డ రావడానికి పొట్ట మీద బలంగా నొక్కడం ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దన్న పనులు.

నొప్పులు దూరదూరంగా వస్తున్నంతసేపు ఇంట్లోనే తిరుగుతూ, ఏదో ఒకటి తింటూ ఉండొచ్చు. అయితే ఊరి దారి మర్చిపోకండి. చాట్రాయి వైపు లోపలి ఊరి నుంచి రాత్రిపూట నూజివీడు చేరడం, హైదరాబాద్‌లో పక్క వీధి నర్సింగ్ హోమ్‌కు వెళ్లడం ఒకటి కాదు. ఎప్పుడు బయల్దేరాలో మీ ఏఎన్‌ఎంతో ముందే మాట్లాడుకోండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా (ముఖ్యంగా పచ్చగా ఉంటే), బిడ్డ కదలికలు తగ్గినా, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్, జ్వరం వచ్చినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

నూజివీడులో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. అంతకు మించిన వైద్యం అవసరమైతే పంపేది విజయవాడకో ఏలూరుకో. 2022లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిసింది. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం పెద్దాసుపత్రి అంటే ఇంకా విజయవాడే. ఏది దగ్గరో, ఏ దారి బాగుందో ముందే చూసుకుని పెట్టుకోండి. ఇలా పంపినప్పుడు తోడుగా ఉన్న మనిషి కూడా మీతోనే అంబులెన్సు ఎక్కాలి.

కాగితాలు, ఖర్చులు

హైదరాబాద్‌లో చెకప్‌లు చేయించుకుని ఇక్కడ కాన్పు అయ్యేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నెలలు నిండేదాకా ఊళ్లో ఎవరికీ చెప్పరు. వచ్చిన వారంలోనే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, స్కానింగ్‌లు, రక్తపరీక్షల రిపోర్టులు తీసుకుని ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో కలవండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తారు. ప్రసవ గదిలో తోడు సంగతి అడగడానికి ఆ రోజు మంచిది.

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి తిరిగి ఇంటికి రవాణా అన్నీ ఉచితం. ఏ రాష్ట్రంలో చెకప్ చేయించుకున్నారన్నది అడ్డు కాదు. కాన్పయ్యాక ఇంటికి దించేది 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద వచ్చే రూ. 5,000 అర్హతను బట్టి ఉంటుంది. ప్రభుత్వోద్యోగులకు, జీతంతో కూడిన ప్రసూతి సెలవు వచ్చేవాళ్లకు ఇది వర్తించదు.

బిడ్డ పుట్టాక, మీ సంగతి

మూడో రోజునో నాలుగో రోజునో ఏ కారణం లేకుండా ఏడుపొస్తుంది. పాలు సరిపోవడం లేదేమో అనిపిస్తుంది, చిన్న మాటకు మనసు చివుక్కుమంటుంది. ఇది చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. పోకపోతేనే సమస్య. ప్రసవానంతర డిప్రెషన్ మీద భారత్‌లో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. దాని ప్రకారం ప్రతి 100 మంది తల్లుల్లో 22 మందికి అది ఉంది. అంటే మీకు తెలిసిన ప్రతి ఐదుగురు బాలింతల్లో ఒకరు.

మన ఇళ్లలో ఇది కనిపించకపోవడానికి కారణాలు మనవే. బాలింతను ఒక గదిలో ఉంచుతారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పథ్యం. నీళ్లు కూడా లెక్కగా ఇచ్చే ఇళ్లున్నాయి. వేడి చేస్తుందని పండు ముట్టనివ్వరు. పెరటి నిండా చిన్న రసాలు ముగ్గుతున్న వాసన వస్తుంటే, నూజివీడు ఆడపిల్ల కారం లేని అన్నం తింటూ కూర్చోవడం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. షుగర్ లేని బాలింత మామిడిపండు తినకూడదనడానికి వైద్యపరమైన కారణం లేదు, పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గించడం మాత్రం తప్పు. ఈ కట్టుబాట్ల మధ్య పిల్ల ముభావంగా ఉంటే "పచ్చి ఒళ్లు కదా" అంటారు, లేదా గాలి సోకిందంటారు. "పండంటి బిడ్డ పుట్టాడు, ఇంకేం కావాలి నీకు?" అనే ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుండదు.

రెండు వారాలు దాటినా దిగులు పోకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోవడం, తాను పనికిరాననుకోవడం... ఇవి చూస్తే డాక్టర్‌కు చెప్పండి. టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఉచితం. ఆ ఫోన్ బాలింతే చేయాలని లేదు, హైదరాబాద్‌లో ఉన్న భర్త వీడియో కాల్‌లో తేడా గమనించి చేసినా సరే.

వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైనది వస్తుంది. నిద్రే లేకుండా పోవడం, సంబంధం లేని మాటలు, ఎవరో ఏదో చేస్తున్నారన్న అనుమానం, తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. ఇది గంటల్లో స్పందించాల్సిన అత్యవసర పరిస్థితి. ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సమయానికి వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

మందులు మొదలుపెడితే పాలు మాన్పించాలేమో, ఆసుపత్రిలో చేర్చితే బిడ్డను దూరం చేస్తారేమో అని చాలా కుటుంబాలు వెనకాడతాయి. పాలిస్తూనే వాడదగ్గ మందులున్నాయి, డాక్టర్‌కు ఆ మాట చెబితే వాటినే రాస్తారు. ఇక బిడ్డ సంగతి. మూడేళ్లలోపు బిడ్డను, మానసిక చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టర్ భావిస్తే కొద్దికాలం వేరుగా ఉంచుతారు. అప్పుడు కూడా సిబ్బంది పర్యవేక్షణలో తల్లి తన బిడ్డను చూడొచ్చు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపే చేర్చుకునే వార్డు 2009 నుంచి నడుస్తోంది.